రెండో సర్వర్ చెప్పిన అబద్ధం

"ఆ కీ మీద వేలు పడిందంటే, విరిచి సాక్ష్యం కింద సంచీలో వేసుకుంటాను కో," అంది లాన్ షూచెన్.

కో షెంగ్‌యువాన్ వేలు కీబోర్డు మీద గాల్లోనే ఆగింది. ఆమె అన్నంత పనీ చేస్తుందని అతనికి తెలుసు. ఒకప్పుడు ఇద్దరూ షిన్‌చూలో ఒకే కంపెనీలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పనిచేశారు. తర్వాత అతను తైపేలో సొంత కంపెనీ పెట్టుకుని, పడిపోయిన డేటాబేసులను లేపడంలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆమె జిల్లా ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఇన్వెస్టిగేటర్‌గా చేరి, నిలబడ్డ పెద్దమనుషులను పడెయ్యడంలో అంతకంటే పెద్ద పేరు తెచ్చుకుంది.

"లాన్ అక్కా," అన్నాడు కో, మొహాన నవ్వు పులుముకుని. "ఆ మెడ ఇంకా వంగలేదన్నమాట."

"హక్కా జాతిదాన్ని. మా మెడలు వంగవు. కుర్చీ ఖాళీ చెయ్."

అతను లేవలేదు. ఆమె ఇంకో కుర్చీ బర్రున లాక్కొచ్చి అతనికీ కీబోర్డుకీ మధ్య వేసుకుని కూర్చుంది. కో మనుషులిద్దరు గోడ పక్కన నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బాయ్‌మా జలాశయం కంట్రోల్ ఆఫీసులో ఆ ఉదయం అందరికీ కావలసింది ఒక్కటే. మూడు రోజులుగా లేవనని మొండికేసిన డేటాబేస్ లేవాలి. జలాశయం అంచులదాకా నిండి ఉంది, కొండల మీద మళ్ళీ మబ్బు పట్టింది, గేట్లు చేత్తో తిప్పే మనుషులు అలిసిపోయారు. కో తొందరకు అది కారణం. లాన్ షూచెన్ తొందరకు కారణం బయట వరండాలో కానిస్టేబుల్ గూ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది.

ఆమె పేరు తూ యావెన్, గేటు ఆపరేటరు. తుపాను వచ్చిన సాయంత్రం డ్యూటీ ఆమెదే. గేటు తెరుచుకునేముందు సైరన్ మోగాలి. నది ఇసుకలో పుచ్చకాయలు పండించుకునేవాళ్ళు ఆ కూత విని గట్టెక్కాలి. ఆ సాయంత్రం సైరన్ మోగలేదు. ముసలి ఝోంగ్ తన పుచ్చతీగల మధ్యనుంచే కొట్టుకుపోయాడు. సైరన్ నొక్కానని యావెన్ అంటుంది. నొక్కలేదని ఆఫీసు అంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఆమెను జైలుకు పంపాలా వద్దా అన్నది కోర్టులో తేలిపోతుంది. ఎవరు నొక్కారో, ఎవరు నొక్కలేదో రాసి పెట్టింది ఈ డేటాబేస్ ఒక్కటే.

అది మూడు సర్వర్ల మీద నడిచే డేటాబేస్. ఒకదానిలో పడిన ఎంట్రీ ఆ క్షణమే మిగతా రెండింటిలోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండు బతికుంటాయని ఏర్పాటు. మూడూ ఒక్కసారే పడితే మాత్రం వచ్చింది తంటా. చివరిదాకా బతికున్నది నేనా, వాళ్ళా అన్న అనుమానంతో ఏదీ లేవదు. గుమ్మం దగ్గర "ముందు మీరు" అంటే "అబ్బే, ముందు మీరు" అంటూ నిలబడిపోయిన మర్యాదస్తుల్లా తయారవుతాయి. ఎవరో ఒక మనిషి వచ్చి ఒకదాన్ని చూపించి, నువ్వే పెద్దవి, లే అనాలి. అది లేస్తుంది. మిగతా రెండూ తమ దగ్గర తేడాగా ఉన్నదంతా చెరిపేసుకుని దాని లెక్కనే ఎక్కించుకుంటాయి.

ఆ చెరిపేసుకోవడమే లాన్ షూచెన్‌కు మూడు రాత్రులుగా కంటిమీద కునుకు లేకుండా చేసింది.

"ఇందులో గొడవేముంది?" అన్నాడు కో. "రెండోదాన్ని చూడు. 'నాతో మొదలుపెట్టవచ్చు' అన్నచోట ఒకటి వేసి ఉంది. మిగతా రెండింటికీ సున్నా. చివరి ఎంట్రీ నంబరు కూడా దీని దగ్గరే ఉంది. మిగతావి మైనస్ ఒకటి అంటున్నాయి. నిన్న చేరినవాడైనా చెబుతాడు, రెండోదే పెద్దదని."

"మైనస్ ఒకటి అంటే తక్కువని కాదు, తెలీదని. రాస్తూ రాస్తూ చచ్చినవాడికి సంతకం పెట్టే టైముండదు. నీ రెండోది మాత్రం తీరిగ్గా లెక్క రాసి, సంతకం పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకుంది. కరెంటు దెబ్బకు అందరూ ఒకేసారి పోయినచోట ఈ మహానుభావుడికి ఒక్కడికే అంత తీరిక ఎక్కడిది?"

"దాని బ్యాటరీ కొత్తది. మిగతావి పోయాక కాసేపు ఎక్కువ బతికింది. పద్ధతిగా ఆగింది. అందుకే అది చివరిది, అందుకే ఆ గుర్తు."

జవాబు అతికినట్టు సరిపోయింది. లాన్ షూచెన్‌కు నచ్చనిది అదే. నిజాలు ఎప్పుడూ ఒకచోట కాకపోతే ఒకచోట గీరుకుంటాయి, ఇంత నున్నగా ఉండవు.

"మొదటిదానికీ మూడోదానికీ నకళ్ళు తియ్యి," అంది. "నకలు తియ్యకుండా దేన్నీ లేపేది లేదు."

"అక్కా, వాన నీ నకళ్ళకోసం ఆగదు."

"నేనూ వానకోసం ఆగను."

ఆమె ఫోన్ మోగింది. చీఫ్ ప్రాసిక్యూటరు. జలాశయం డైరెక్టర్ యెన్ తింగ్‌వెయ్ ఆయనకు ఫోన్ చేశాడట. ఇన్వెస్టిగేటరు పనికి అడ్డం పడుతోందనీ, ఊరికేమైనా అయితే బాధ్యత ప్రాసిక్యూటర్ ఆఫీసుదేననీ అన్నాడట. లాన్ షూచెన్ అంతా వింది.

"అలాగే సార్. గదిలోంచి బయటికి పొమ్మని మీరు రాసి పంపండి, సంతకంతో. ఆ కాగితం నా చేతికి వచ్చేదాకా నేనీ కుర్చీలోనే ఉంటాను." అవతల ఏదో అనేలోపు ఫోన్ కట్ చేసి కో వైపు తిరిగింది. "ఆయన రాయడు. సంతకం అంటే ఆయనకు జ్వరం వస్తుంది."

కో నిట్టూర్చి తన మనుషులకు సైగ చేశాడు. "తియ్యండి నకళ్ళు. భోజనాలు అయ్యేదాకా టైమిస్తున్నాను అక్కా. తిన్న డబ్బాలు చెత్తబుట్టలో పడ్డాయంటే నేను రెండోదాన్ని లేపేస్తాను. నీ చీఫ్ రాయకపోయినా నా దగ్గర డైరెక్టర్ రాసిచ్చిన కాగితం ఉంది."

"నెమ్మదిగా నమిలి తిను, అరుగుతుంది," అని ఆమె వరండాలోకి నడిచింది.

యావెన్ ఏడవడం లేదు. వీపు బెంచీకి ఆనించకుండా, గడ్డం పైకెత్తి కూర్చుంది. పక్కన కానిస్టేబుల్ గూ పొట్ట మీద చేతులు పెట్టుకుని, నిందితురాలి కంటే తనే ఎక్కువ ఇబ్బంది పడుతున్నాడు.

"సైరన్ ఎన్నిసార్లు నొక్కావు?"

"మూడు. పోలీసులకూ మూడే చెప్పాను, లాయరుకూ మూడే చెప్పాను. నాలుగంటే వదిలేస్తారా మేడమ్?"

"నొక్కితే ఏమైంది?"

"నొక్కినప్పుడల్లా స్తంభం పేరు పక్కన పచ్చగీత రావాలి. రాలేదు. మూడోసారీ రాకపోయేసరికి ఫోన్ అందుకున్నాను. కరెంటు పోయింది, ఫోనూ పోయింది."

"గేటు ఎవరు తెరిచారు?"

"ఎవరూ తెరవక్కర్లేదు. నీళ్ళు ఎర్రగీత దాటితే సిస్టమే తెరుస్తుంది. సైరన్ ఒక్కటే మనిషి నొక్కాలి. ఆ మనిషిని నేను." ఆమె గొంతు అక్కడ కాస్త గీరుకుంది. "నిన్న ఝోంగ్ తాత కోడలు వచ్చి నా మొహం మీద ఉమ్మింది. తుడుచుకున్నాను. తప్పు నాదై ఉంటే తుడుచుకునేదాన్ని కాదు మేడమ్."

ఈ మాటను కోర్టులో ఏ జడ్జీ సాక్ష్యంగా తీసుకోడని లాన్ షూచెన్‌కు తెలుసు. ఆమె మాత్రం తీసుకుంది.

"ఆ రోజు సర్వర్లు మూడూ నడుస్తున్నాయా?"

"ఆ గది సంగతి నాకు తెలీదు. అది వెన్ అన్న రాజ్యం. మమ్మల్ని చెప్పులతో గుమ్మం కూడా తొక్కనివ్వడు."

వెన్ చాంగ్‌ఫా అప్పుడే భోజనం డబ్బాల సంచీలు రెండు చేతులా మోసుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. సన్నటి మనిషి, యాభై దాటినవాడు, ఇరవై ఏళ్ళుగా సర్వర్ల గది చూసుకుంటున్నవాడు. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ వెన్ అన్నే. వేయించిన పంది మాంసం ముక్క పెట్టిన డబ్బాలు అందరికీ పంచి, యావెన్ ముందు ఒకటి పెట్టి, తినే పుల్లలు తనే విడదీసి ఇచ్చాడు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

"మేడమ్, మీరూ తినండి, చల్లారిపోతుంది."

"చల్లారనీ. నీ గది చూపించు వెన్ అన్నా."

గది శుభ్రంగా ఉంది, అద్దంలా ఉంది. మూడు ర్యాకులు, మూడు సర్వర్లు, ప్రతి సర్వరు నెత్తిమీదా ఒక ఆకుపచ్చ ప్యాకెట్. కొబ్బరి రుచి మొక్కజొన్న గుల్లలు. ఆ ప్యాకెట్ లేకుండా సర్వర్ నడిపేంత గుండె ఈ ద్వీపంలో ఇంకా ఎవడికీ పుట్టలేదు. బుద్ధిగా ఉండు నాయనా అని మెషీన్‌కు చెల్లించే ముడుపు అది. పసుపు ప్యాకెట్ పెట్టకూడదు, ఎర్రది అసలే పెట్టకూడదు, మీద వేసిన తేదీ దాటనివ్వకూడదు, ఎంత ఆకలేసినా విప్పకూడదు. దేవుడు లేడని వాదించే ఇంజనీర్లు కూడా దాని జోలికి పోరు.

"కరెంటు పోయాక ఈ గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు మేడమ్. నేను బయటినుంచి తాళం పెట్టుకుని ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున కో గారి మనుషులతో కలిసే తెరిచాం."

లాన్ షూచెన్ మొదటి ప్యాకెట్ మీద తేదీ చూసింది. మూడోదాని మీద చూసింది. రెండూ ఒకటే. రెండో సర్వర్ మీదున్నది చూసింది, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మళ్ళీ చూసింది. తర్వాత నేల మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు రెండో ర్యాకు కిందికి వేసి, చెయ్యి మోచేతిదాకా దూర్చింది. వేళ్ళ మధ్య పచ్చటి పొడి, ఒక విరిగిన గుల్ల. వాసన చూసింది. కొబ్బరి.

"ప్యాకెట్లు మార్చేది ఎవరు?"

"నేనే. కొత్త సంవత్సరం వెళ్ళగానే, ఒకే పెట్టెలోంచి, అన్నీ ఒకేసారి."

"ఒకేసారా?"

"ఆఁ మరి, ఒకదానికి కొత్తది పెట్టి ఒకదానికి పాతది ఉంచితే అలగవూ?"

"మరి మిగతా రెండూ ఎందుకు అలగలేదు? రెండోదాని ప్యాకెట్ తేదీ వాటికంటే నాలుగు నెలలు తర్వాతది."

వెనకనుంచి కో నవ్వు వినిపించింది. డబ్బా చేత్తో పట్టుకుని, మాంసం ముక్క కొరుకుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, చివరికి చిరుతిండి మీద కేసు రాస్తున్నావా? డబ్బా సగమైంది. చెబుతున్నా."

"విను కో. నీకూ పనికొస్తుంది." ఆమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. "ఈ సర్వర్ దగ్గర ఎవరో తచ్చాడారు. చీకట్లో చెయ్యి తగిలి ప్యాకెట్ పడింది, కాలి కింద పగిలింది. పైపైన ఊడ్చేశారు. బయటి దొంగ అయితే పగిలితే పగిలిందని పోతాడు, సర్వర్ నెత్తి బోసిగా ఉందని వాడికి పట్టదు. ఈ దొంగకు పట్టింది. ఇరవై ఏళ్ళు సాకిన మెషీన్‌ను ముడుపు లేకుండా వదిలి పోవడానికి కాళ్ళు రాలేదు. గొడుగులు విరిగిపోయే గాలిలో మూల మీది కొట్టుదాకా నడిచి, ఆకుపచ్చదే వెతికి, కొనుక్కొచ్చి పెట్టాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. భక్తి ఉన్న దొంగను ఎవరైనా పట్టొచ్చు."

"ఊహ," అన్నాడు కో. కొరకడం మాత్రం ఆపాడు.

"ఊహే. కొట్టువాడి రసీదు చూస్తే తేలిపోతుంది. పారేసి ఉండడులే, ప్రతి రసీదు మీదా సర్కారు లాటరీ నంబరుంటుంది. మన ఊళ్ళో రసీదు పారేసే మొనగాడెవడు?"

వెన్ చాంగ్‌ఫా చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే అదే. తను ఏం చేశాడో తెలిసేసరికి ఆలస్యమైంది. ఆ చెయ్యిని అక్కడే ఉంచుకుని, ర్యాకుకు ఆనుకుని, మెల్లగా నేల మీద కూలబడ్డాడు.

"ఒక్క అంకె మేడమ్," అన్నాడు. "ఒక్క సున్నాను ఒకటి చేశాను. అంతే."

"మొదటినుంచి చెప్పు."

"తుపాను రాత్రికి గానీ రాదన్నారు. మధ్యాహ్నం రెండోదానికి దుమ్ము తుడుద్దామని దాన్నొక్కదాన్నే పద్ధతిగా ఆపాను. గాలి ముందే వచ్చేసింది. నన్ను గేట్ల దగ్గరికి రమ్మన్నారు. దాన్ని మళ్ళీ మిగతావాటితో కలపలేదు. సాయంత్రం కరెంటు పోయి మొదటిదీ మూడోదీ పడిపోయాయి. అప్పుడు డైరెక్టర్ గారు నా సెల్‌కు ఫోన్ చేశారు. ఆ రెండూ దెబ్బతిన్నాయి వెన్, మంచిది రెండోదే, దానికి గుర్తు పెట్టు, రేపు వచ్చేవాళ్ళు తికమక పడకూడదు అన్నారు. బ్యాటరీ మీద దాన్ని కాసేపు లేపి గుర్తు మార్చాను."

"రెండోది ఆపేశావని ఆయనకెలా తెలుసు?"

"నేనే చెప్పాను, మధ్యాహ్నమే. ఏది ఆపినా ఆయనకు చెప్పాలి."

"ఎందుకని అడగలేదా?"

"ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అడగలేదు మేడమ్." అతని కళ్ళు నిండాయి. "ఆ అమ్మాయి మీదికి వస్తుందని తెలీదు. తెలిశాక చెప్పడానికి భయమేసింది. సిగ్గుగా ఉంది."

లాన్ షూచెన్‌కు అతని మీద జాలీ కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి. కోపాన్ని కో వైపు తిప్పింది.

"అర్థమైందా? రెండోది మధ్యాహ్నమే నిద్రపోయింది. సాయంత్రం జరిగిందేదీ దానికి తెలీదు. దాన్నే పెద్దను చేసి నువ్వు లేపుతావు. మిగతా రెండూ ఆ సాయంత్రాన్ని తమ చేత్తోనే చెరిపేసుకుంటాయి. అప్పుడు చెరిపిందెవరు? డైరెక్టర్ కాదు, ఆయన ఆఫీసులోనే లేడు. వెన్ కాదు, అంకె మార్చాడంతే. కీ నొక్కింది కో షెంగ్‌యువాన్, తైపేలో పేరుమోసిన మనిషి. రేపు ఎవరైనా తవ్వితే దొరికే పేరు నీదే. నీకు పని ఇచ్చింది డేటాబేస్ లేపడానికి కాదు నాయనా, పాతిపెట్టడానికి."

కో చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. అతని చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మొహమంతా ఎర్రబడింది. ఆ అహంకారం ఆమెకు ఎప్పుడూ ఒళ్ళు మంట, ఇవాళ మాత్రం చూడముచ్చటగా ఉంది.

"నకళ్ళు అయ్యాయా?" అని తన మనుషుల మీద అరిచాడు. అయ్యాయన్నారు. సగం తిన్న డబ్బా చెత్తబుట్టలో పడేసి కుర్చీలో కూర్చున్నాడు. "జరుగు అక్కా. ఇది నేను చేస్తాను. నా పేరుతో చెరిపిద్దామనుకున్నారు కదా, నా పేరుతోనే లేపుతాను."

"ముందు నంబర్లు చదువు."

"నాకు నేర్పకు."

చచ్చిపడున్న సర్వర్‌ను పూర్తిగా లేపకుండా, ఎంతవరకు రాశావని దాని చేతే చెప్పించే పద్ధతి ఒకటుంది. కో మొదటిదాన్ని అడిగాడు. రెండోదాన్ని అడిగాడు. మూడోదాన్ని అడిగాడు. తెర మీద మూడు నంబర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. రెండోదానికంటే మొదటిది నాలుగు వందల పైచిలుకు ఎంట్రీలు ముందుంది. మూడోది మొదటిదానికంటే ఇంకొక్క ఎంట్రీ ముందుంది.

"మూడోదే పెద్దది," అన్నాడు కో. గుర్తు మార్చి, వెనక్కి చూడకుండా కీ నొక్కాడు.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత మూడో సర్వర్ లేచింది. మొదటిది దాన్ని పలకరించి, తనకు తక్కువైన ఒక్క ఎంట్రీ తీసుకుని పక్కన చేరింది. రెండోది తన అబద్ధాన్ని తనే తుడిచేసుకుని, నాలుగు వందల ఎంట్రీలూ ఎక్కించుకుని చివర్న చేరింది. మూడు రోజులుగా నల్లగా ఉన్న గోడ తెర వెలిగింది. జలాశయం, గేట్లు, నది, నది పొడవునా సైరన్ స్తంభాలు.

"యావెన్‌ను లోపలికి తీసుకురా గూ," అంది లాన్ షూచెన్.

యావెన్ కానిస్టేబుల్ పక్కన నిలబడి చూస్తుండగా కో చదివాడు. తుపాను సాయంత్రం, ఆపరేటర్ తూ యావెన్, సైరన్ ఆదేశం. జవాబు: తిరస్కరించబడింది, మౌనం అమలులో ఉంది. మళ్ళీ తూ యావెన్, మళ్ళీ సైరన్, మళ్ళీ అదే జవాబు. మూడోసారి, మూడో సర్వర్ ఒక్కదానికే అందిన ఆ చివరి ఎంట్రీ, అదీ తూ యావెన్‌దే.

"మూడు," అంది యావెన్. ఏడుపు ఇప్పుడొచ్చింది. చేత్తో తుడుచుకుంటూ, "మూడని చెప్పాను కదా," అంది ఎవరితోనో.

"మౌనం పెట్టిందెవరు?" అని అడిగింది లాన్ షూచెన్. కో వెనక్కి వెతికాడు. ఆ మధ్యాహ్నమే, రెండో సర్వర్ ఆపిన కాసేపటికి. డైరెక్టర్ యెన్ తింగ్‌వెయ్ పేరుతో. నదిమీది స్తంభాలన్నీ. కారణం: సెలవు దినాల్లో వేడినీటి ఊటల హోటళ్ళ అతిథులకు ఇబ్బంది.

"అతిథులకు ఇబ్బంది," అని పళ్ళ మధ్యనుంచి అంది ఆమె. "ఇది రెండింటికల్లా అచ్చుకొట్టి జడ్జీ బల్ల మీద పెట్టకపోతే నా పేరు మార్చుకుంటాను."

"మేడమ్," అంది యావెన్. ఆమె రికార్డు వైపు చూడటం లేదు. గోడ తెర వైపు చూస్తోంది. "గేటు తెరుచుకుంది."

అందరూ తలెత్తారు. రెండో గేటు బొమ్మ నీలంగా మారి ఉంది. ఎవరూ ఏమీ నొక్కలేదు. సిస్టమ్ లేవగానే నీళ్ళు ఎర్రగీత మీద ఉండటం చూసింది, తన పని తను చేసింది. వాళ్ళు పాత సాయంత్రాన్ని చదువుకుంటున్నంతసేపూ నీళ్ళు పోతూనే ఉన్నాయి.

కో గేటు మూసే ఆదేశం ఇచ్చాడు. "మూస్తోంది. కానీ పోయిన నీళ్ళు వెనక్కి రావు."

"సైరన్," అంది యావెన్.

తను ఇందాక గెలిచిన గెలుపు ఏమిటో లాన్ షూచెన్‌కు అప్పుడు తెలిసింది. రెండో సర్వర్‌ను లేపి ఉంటే అందులో ఆ మౌనం ఉండేది కాదు, స్తంభాలన్నీ కూసేవి. తను పట్టుబట్టి నిజాన్ని లేపింది. నిజంతోపాటు మౌనమూ లేచి కూర్చుంది.

"మౌనం తీసెయ్ కో."

"డైరెక్టర్ పెట్టినదాన్ని తీస్తే..." అని ఆగి, అతను తనలో తను ఏదో తిట్టుకున్నాడు. తీసేశాడు. "నా పేరే పడింది. పడనీ."

"నొక్కు," అంది లాన్ షూచెన్ యావెన్‌తో.

"సిస్టమ్‌లో నా పేరు ఆపేశారు మేడమ్."

"కో పేరు మీద నొక్కు. వేలు నీదే కదా."

యావెన్ ముందుకొచ్చి నొక్కింది. పైన కొండ మలుపులోనుంచి కూత లేచింది, కిటికీ అద్దాలు అదిరాయి. తెర మీద ఒకటో స్తంభం పక్కన పచ్చగీత. రెండో స్తంభం, హోటళ్ళ దగ్గరిది, పచ్చగీత. వంతెన దగ్గరిది, బడి దగ్గరిది. అయిదో స్తంభం పక్కన ఏమీ రాలేదు. యావెన్ మళ్ళీ నొక్కింది. రాలేదు.

"అది పుచ్చతోటల దగ్గరిది," అన్నాడు వెన్ గుమ్మంలోనుంచి. "తుపానులో తీగ తెగింది. ఇంకా బాగుచెయ్యలేదు."

"ఇవాళ అక్కడ ఎవరుంటారు? పంటే లేదు కదా," అన్నాడు కో.

కానిస్టేబుల్ గూ మొహం పాలిపోయింది. "ఝోంగ్ వాళ్ళు ఉన్నారు. ఇంటిల్లిపాదీ. తాత పోయినచోట ఆత్మను పిలవడానికి పురోహితుణ్ణి తీసుకుని పొద్దున్నే ఇసుకలోకి దిగారు. నేనే దారి వదిలాను." ఫోన్ తీసి నొక్కాడు, చెవికి పెట్టుకుని విన్నాడు, మళ్ళీ నొక్కాడు. "ఎత్తడం లేదు. తాళాలూ బూరాలూ వాయిస్తుంటారు, ఎలా వినిపిస్తుంది? మా స్టేషనేమో అవతలి గట్టున ఉంది."

"నీళ్ళు అక్కడికి చేరడానికి అరగంట," అంది యావెన్. "ఇప్పటికే కొంత పోయింది. గట్టు మీది మట్టిదారిన పోతే ముందు చేరొచ్చు. ఆ దారి నాకు తెలుసు, ఇక్కడ ఇంకెవరికీ తెలీదు."

"రెండింటికి కోర్టు," అన్నాడు గూ నీరసంగా. "ఈమెను ఇక్కణ్ణించి కదిలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"కోర్టు ఎక్కడికీ పోదు," అంది యావెన్. అప్పటికే తలుపు దగ్గరుంది. నిన్న తన మొహం మీద ఉమ్మిన మనుషుల దగ్గరికి ఆమె అలా బయల్దేరడం చూసి లాన్ షూచెన్ ఇక ఆలోచించలేదు.

కారు తాళాలు తీసి గూ పొట్ట మీదికి విసిరింది. "ఆమె నీ కస్టడీలోనే ఉంది కదా. ఆ కస్టడీని కారులో కూర్చోబెట్టుకుని పోనీ. ఎవరైనా అడిగితే లాన్ షూచెన్ చెప్పిందను. స్టార్ట్ చెయ్, నేనూ వస్తున్నా."

గూ తన పొట్టను తనే మరిచిపోయి పరిగెత్తాడు.

బల్ల మీద ఆఫీసు ఫోన్ మోగింది. కో ఎత్తి, విని, మాట్లాడకుండా ఆమెకు అందించాడు. డైరెక్టర్ యెన్ తింగ్‌వెయ్ గొంతు. వెనక జనం గోల, ఎవరో పిల్లల ఏడుపు, వాటన్నిటి మీదా సైరన్. అతను ఏదో వేడినీటి ఊట హోటల్లో ఉన్నాడు.

"ఎవరు మోగించారది? ఎవరిని అడిగి మోగించారు? ఇక్కడ జనమంతా బెదిరిపోయి రోడ్ల మీదికి వస్తున్నారు. నాకు పేరు కావాలి. ఎవరు నొక్కారు?"

"తూ యావెన్," అంది లాన్ షూచెన్. "ఈసారి మీకూ వినబడిందన్నమాట."

ఫోన్ బల్ల మీద పడేసి, కింద అప్పటికే కదులుతున్న కారు కోసం ఆమె మెట్లమీద పరిగెత్తింది.